హోప్ టౌన్‌లో ముడి రాయి

విశాఖపట్నంలో రాళ్లు సానపట్టి బతికేవాణ్ని నేను. సముద్రం మా కొట్టుకు నడిచివెళ్లేంత దూరంలోనే ఉన్నా, దాన్ని దాటాలన్న కోరిక ఏనాడూ కలగలేదు. అండమాన్ ప్రయాణం కూడా సరదాకి పెట్టుకున్నది కాదు. అక్కడ మా బాబాయి దగ్గర ఒక ముడి రాయి ఉంది. దాన్ని కోసి సానపడితే విలువ వస్తుందా, లేక అలాగే ఉంచేయాలా, వచ్చి చూసి చెప్పమని ఆయన కబురు పంపాడు. ఓడలో పనిచేసే ఒకాయన ఆ కబురు మా కొట్టుకు తెచ్చాడు.

బాబాయి దగ్గర నుంచి కబురు రావడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. ఆయన పేరు సింహాచలం. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు, సాలూరు దగ్గర మా ఊరి నుంచి వడ్రంగి పని వెతుక్కుంటూ పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోయాడు. ఆయన ఓడెక్కాక, తాతయ్య పెట్టెలో ఉండాల్సిన రాయి కనిపించలేదు. పొలంలో కాలవ తవ్వుతుంటే దొరికిన రాయి అది. ఎండలో పెడితే లోపల ఏదో తెల్లగా కదులుతుందని, అది పిల్లికన్ను రాయి అని, ఊళ్లో పేరు. తమ్ముడే పట్టుకుపోయాడని మా నాన్న చెప్పాడు. అప్పట్నుంచి మా ఇంట్లో సింహాచలం అంటే దొంగ. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్నది అదే.

నాన్న పోయి కొన్నేళ్లయింది. నేను అండమాన్ వెళ్తున్నానని చెప్పడానికి విజయనగరం వెళ్లినప్పుడు అమ్మ ఒకే మాట చెప్పింది. "చూసి చెప్పడానికి కాదురా నువ్వెళ్లేది. అది మీ నాన్న సొత్తు. పట్టుకురా." మా తమ్ముడు గోపి కూడా అదే అన్నాడు. నాకూ అది న్యాయంగానే తోచింది.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ నెలకొకసారే ఉంటుంది. బయల్దేరే తేదీ చివరి దాకా అటూ ఇటూ అవుతుంది కాబట్టి వెళ్లదలచినవాళ్లు చేతిలో నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోవడం మంచిది. నేను బంక్ క్లాసు టిక్కెట్టు తీసుకున్నాను. ఓడ అడుగున పెద్ద హాలు, అందులో ఒకదానిపై ఒకటిగా ఇనుప మంచాలు. ఇంజను చప్పుడు ఆగదు, గాలి తక్కువ. పై మంచం కంటే కింది మంచం నయం, ఊపు తెలియదు. పొద్దున పదింటికి ఎక్కించి, మధ్యాహ్నం రెండు దాటాక కదిలించారు. డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి జరిగి, నీళ్ల రంగు ముదిరే దాకా పైన డెక్ మీదే నిలబడ్డాను. ఆ తర్వాత కడుపులో తిప్పడం మొదలైంది.

నా పక్క మంచం పోలయ్య అనే పెద్దాయనది. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అనే పేటలో చేపల వ్యాపారం చేస్తాడు. శ్రీకాకుళంలో మేనకోడల్ని చూసి తిరిగి వెళ్తున్నాడు. నా అవస్థ చూసి సంచిలోంచి నిమ్మకాయ తీసి ఇచ్చాడు.

"వాసన చూస్తా పడుకో బాబూ. అన్నం మానకు. ఖాళీ కడుపైతే ఇంకా పరేషాన్ అవుతాది," అన్నాడు.

క్యాంటీన్‌లో పూటకింత అని కూపన్లు ఇస్తారు. అన్నం, పల్చటి పప్పు, బంగాళాదుంప కూర. రుచి సంగతి ఎలా ఉన్నా వేడిగా ఉంటుంది. ఊరగాయ వెంట ఉంటే ఆ భోజనం గట్టెక్కుతుంది. రెండో రోజుకు నాకు నిలబడే ఓపిక వచ్చింది. అప్పుడు డెక్ మీద పోలయ్య అడిగాడు, అక్కడ ఎవరింటికి అని.

ఒక ఖాతాదారు రాయి చూడమన్నాడని, పోర్ట్ బ్లెయిర్‌కు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ వెళ్లాలని చెప్పాను. చుట్టరికం చెప్పలేదు.

"హోప్ టౌన్‌లో రాయా? శామ్యూల్ ఇంటికా?" అన్నాడు ఆయన. చర్చిలో చేరాక బాబాయి పేరు అదేనని కబురు తెచ్చినాయన చెప్పాడు. "మంచోడు. నా ఇంటి తలుపులు ఆయన చేసినవే. హాడో రేవులో పనికి కొత్తగా వచ్చినోళ్లు ఎవరైనా సరే, పెట్టె పెట్టుకోడానికి చోటు లేకపోతే ఆయన గదికే ఎల్లేవోరు."

నేను తల ఊపి సముద్రం వైపు తిరిగాను. ఆ మాటలు నాకు రుచించలేదు. బయట మంచివాడనిపించుకునే దొంగలు ఉండరా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి డెక్ మీదికి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కి ఉంది. అక్కడ సూర్యుడు మనకంటే చాలా ముందు లేస్తాడు. నీళ్లలోంచి నేరుగా లేచిన పచ్చటి కొండలు, వాటి మధ్య రేవు. తొమ్మిదింటికి హాడో జెట్టీలో దిగాం. పోలయ్య తన సామానుతో పాటు నా సంచి కూడా టాక్సీలో వేయించి జంగ్లీఘాట్‌లో దింపాడు. ఇరుకు సందులు, వరుసగా చిన్న కొట్లు, రేవు వైపు నుంచి చేపల వాసన. ఒక కొట్టులో తెలుగు, పక్క కొట్టులో బెంగాలీ, బేరమంతా హిందీ. అక్కడే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. చుట్టాలింటికి వచ్చినవాడు లాడ్జిలో దిగడం బాగోదని నాకు తెలుసు. కావాలనే దిగాను. రాయి అడిగి తీసుకోవాల్సిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదని నా ఉద్దేశం.

మర్నాడు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి హోప్ టౌన్‌కు పొద్దున ఏడింటి ఫెర్రీ ఎక్కాను. అరగంట కూడా పట్టదు. కూరగాయల గంపలు, సైకిళ్లు, బడి పిల్లలు, ఉద్యోగులు అందరూ అందులోనే. అవతలి ఒడ్డున రేకుల కప్పు ఉన్న చెక్క ఇళ్లు, కొబ్బరి చెట్లు. శామ్యూల్ ఇల్లు ఏదని అడగబోతుండగానే, చెప్పులు లేని కాళ్లతో ఒక పెద్దాయన జెట్టీ మీద ఎదురొచ్చాడు. ఆ నుదురు, ఆ నడక మా నాన్నవే.

"సూర్యం కదా? నిన్న ఓడ వచ్చింది కదా అని నిన్నట్నుంచి చూస్తన్నాను," అన్నాడు. నా చేతిలో సంచి లాక్కున్నాడు.

ఇంటి దగ్గర మార్తమ్మ పిన్ని గుమ్మంలోనే ఉంది. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగింది. చెప్పాను. "లాడ్జిలోనా నాయనా?" అని మాత్రం అని, లోపలికి వెళ్లి కొత్త దుప్పటి పరచిన మంచం వైపు ఒకసారి చూసి, దాని మీది దిండు తీసి పక్కన పెట్టింది. నేను తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత పిన్ని ఇచ్చిన మంచినీళ్లు తాగాను. కొబ్బరిపాలు పోసి వండిన చేపల పులుసుతో అన్నం కూడా తిన్నాను.

వాళ్ల కూతురు రూతు మధ్యాహ్నం వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. భర్తకు ఒక డింగీ ఉంది, అంటే ఇంజను పెట్టుకుని నడిపే చెక్క పడవ. ఆ ఇంజను పాడై కొన్ని నెలలుగా పడవ ఒడ్డునే ఉందట. రాయి సంగతి ఇప్పుడు కదిలించడానికి కారణం అదే. రూతు నన్ను "భయ్యా" అని పిలిచింది, టాక్సీ అతన్ని పిలిచినట్టే. మాట్లాడుతున్నంతసేపూ నా ముఖంలోకే చూసింది.

బాబాయి రాయి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. నిమ్మకాయంత లేదు, ఉసిరికాయ కంటే పెద్దది. పైన గరుకుగా, మట్టి రంగులో ఉంది. బరువు చూడగానే తెలిసింది, పలుగురాయి కాదని. కొబ్బరినూనె రాసి, కిటికీ దగ్గర టార్చి పట్టి భూతద్దంలో చూశాను. లోపల పట్టు పోగుల్లాంటి సన్నటి గీతలు. టార్చి కదిపితే ఒక మసక వెలుగు అటూ ఇటూ జరిగింది.  ఊళ్లో అన్నట్టు అది పిల్లికన్నే, వైడూర్యమే. కాని ఒక కొసన బీట ఉంది. ఏటవాలుగా లోపలికి దిగింది. ఎంత లోతుకు దిగిందో పై పెచ్చు వల్ల కనిపించడం లేదు.

అప్పుడు నేను అడగకూడని మాట అడిగాను.

"తాతయ్య పెట్టెలోంచి తీసుకొచ్చిన రాయి ఇదేనా? మధ్యలో మారలేదు కదా?"

పిన్ని వంటగదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.  బాబాయి కోప్పడలేదు.

"పెట్టెలోంచి నాను తీయడమేటిరా? మీ నాన్నే తెచ్చి ఇచ్చినాడు. వైజాగ్‌లో, ఓడ ఎక్కుతుంటే. పరాయి ఊరు, ఎవుళ్లూ లేరు, కష్టమొస్తే అమ్ముకో అన్నాడు. అమ్మేంత కష్టం రాలేదు. వచ్చినా, అన్న ఇచ్చింది కదా అని చేతులు రాలేదు." గొంతు తగ్గించి అడిగాడు. "నాను దొంగనని మనూళ్లో అంటారని ఇక్కడికొచ్చినోళ్లు చెప్పినారు. ఊరన్నాక అంటాది. మీ నాన్న అన్నాడేటిరా ఆ మాట?"

నా చేతిలో భూతద్దం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. అమ్మ సింహాచలాన్ని తిట్టడం మొదలుపెడితే నాన్న పళ్లెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కునేవాడు. తమ్ముడి మీద కోపమనుకునేవాళ్లం. పోలీసులకు చెబుదామని మామయ్య అంటే నాన్న ఒప్పుకోలేదు. పెద్ద మనసు అనుకున్నాం. ఇప్పుడు అర్థమైంది. నాన్నే తాతయ్యకు చెప్పకుండా రాయి తీసి తమ్ముడికిచ్చి, ఇంట్లో వెతుకులాట మొదలయ్యేసరికి భయపడి, సముద్రం మీద ఉన్నవాడి మీదకు తోసేశాడు. బహుశా నాలుగు రోజులు గడిచాక సర్దిచెబుదామనుకున్నాడేమో. ఆ నాలుగు రోజులు ఆయన బతికున్నంత కాలమూ గడవలేదు.

"లేదు బాబాయ్. నాన్న అనలేదు. ఊళ్లోవాళ్లే," అన్నాను.

"అదీ. నాకు తెలుసు," అని బాబాయి నవ్వాడు. రూతు నవ్వలేదు.

ఆ సాయంత్రం లాడ్జి ఖాళీ చేసి వాళ్లింటికి వచ్చేశాను. రావద్దని మనసు చెబుతున్నా వచ్చాను. పిన్ని ఆ దిండు మళ్లీ మంచం మీద వేసింది.

మర్నాడంతా రాయి పనే. నా దగ్గర చిన్న సాన ముక్క ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, నీళ్లు పోస్తూ రాయి ఒక పక్కను అరగదీయడం మొదలుపెట్టాను. ఆ పక్క నున్నగా అయితే లోపలికి చూడొచ్చు. వైడూర్యం గట్టి రాయి, తొందరగా లొంగదు. రూతుకు ఆ రోజు డ్యూటీ లేదు. చెంబుతో నీళ్లు పోస్తూ పక్కన కూర్చుంది. భుజాలు పడిపోతుండగా, మధ్యాహ్నానికి గోరంత జాగా నున్నబడింది. ఎండలో పట్టి చూశాను. బీట సగం దాకా వచ్చి, ఒక పక్కకు తిరిగి, పైకి పోయింది. వెలుగు గీత పడే భాగం దాదాపు శుభ్రంగా ఉంది. బీట ఉన్న కొస కోసి తీసేస్తే మిగిలిన రాయి పనికొస్తుంది. కోసేటప్పుడు అదిరి బీట పెరిగితే మాత్రం మొత్తం రెండు ముక్కలవుతుంది. రెండూ జరగొచ్చు. నా కొట్టుకు వచ్చిన రాయైతే కోయమనే చెబుతాను.

కాని బాబాయితో వేరే మాట చెప్పాను. "కోయకపోవడమే మంచిది. బీట ఉంది. ఉన్నదున్నట్టు దాచుకోండి."

బాబాయి ముఖం చిన్నబోయింది. సరేలే, డింగీకి ఇంకేదైనా చూద్దాం అని లేచి వెళ్లాడు. రూతు చెంబు కింద పెట్టింది.

"భయ్యా, ఒక మాట అడుగుతాను. మీకు డర్, అదే భయం, ఆ రాయి గురించా, మీ గురించా?"

నేను సాన మీది నీళ్లు గుడ్డతో తుడవసాగాను.

"కోయాలంటే మీరు వైజాగ్ తీసుకెళ్లాలి. అక్కడ పగిలిపోతే మేమేం అనుకుంటాం? మార్చేశారని, దాచేశారని అనుకుంటాం. మా నాన్నని మీరు అనుకున్నట్టు. అదే కదా?"

"అదే," అన్నాను. ఆ ఊరికి వచ్చాక నేను చెప్పిన మొదటి నిజం అది. రాయి కోయదగిందేనని, బీట సంగతి, రెండు ముక్కలయ్యే ప్రమాదం సంగతి, అన్నీ ఆ అరుగు మీదే చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, బీట ఎటు తిరిగిందో తనూ భూతద్దంలో చూసింది.

"అయితే నేనూ వస్తాను. నాకు ఆసుపత్రిలో ఛుట్టీ ఉంది. నా ఎదురుగా కోయండి. పగిలితే పగలనీ, నా కళ్లతో చూస్తాను. ఎవరికీ టెన్షన్ ఉండదు," అంది. బాబాయి అవసరం లేదన్నాడు. అన్న కొడుకు చేతిలో పెట్టడానికి మనిషి కాపలా ఏమిటని కోప్పడ్డాడు. నేనే రమ్మని పట్టుబట్టాను.

ఓడకు ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆదివారం బాబాయి నన్ను జంగ్లీఘాట్‌లో తెలుగు ఆరాధనకు తీసుకెళ్లాడు. పాటలు తెలుగువే అయినా, కుర్రవాళ్లు కొందరు హిందీ అక్షరాల్లో రాసుకున్న కాగితాలు చూసి పాడుతున్నారు. ఆరాధన అయ్యాక వాకిట్లో ఆయన నన్ను ఒక్కొక్కరి దగ్గరకూ నడిపించాడు. "మా అన్న కొడుకు. వైజాగ్‌లో రాళ్ల పని. నన్ను చూడ్డానికే వచ్చినాడు." పోలయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఓడలో నేను చెప్పిన ఖాతాదారు కథ ఆయనకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది? నా చేయి పట్టుకుని, "చుట్టాలేనా? అచ్ఛా, అచ్ఛా," అన్నాడు. ఆ వాకిట్లో అందరికీ నమస్కారాలు పెడుతూ నిలబడ్డం కంటే ఎవరైనా నాలుగు మాటలు అంటే హాయిగా ఉండేది.

పోర్ట్ బ్లెయిర్ వెళ్లేవాళ్లు చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. జైలు చూశాను, సముద్రపు ఒడ్డులు చూశాను. వాటి గురించి బాగా రాయగలవాళ్లు రాశారు. నాకు మనసు పెట్టి చూసే స్థితి లేదు.

తిరుగు ప్రయాణంలో రాయి రూతు దగ్గరే ఉంది, గుడ్డలో చుట్టి బొడ్డున దోపుకుంది. ఆడవాళ్ల వైపు మంచం దొరికింది. నాకు మళ్లీ తిప్పింది గాని, ఆమె ఓడంతా ఇంట్లోలా తిరిగింది. రెండో రోజు సాయంత్రం డెక్ మీద పక్కపక్కన నిలబడి ఉండగా, నేను చెప్పాల్సింది చెప్పాను. దొంగ అన్నది ఊరు కాదు, మా నాన్నే. మీ నాన్నతో అబద్ధం చెప్పాను.

ఆమె సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు. నాన్నకీ తెలుసు. మీరు చెప్పినప్పుడు మీ గొంతు మారింది భయ్యా. మీరు లాడ్జికి సామాన్ కోసం వెళ్లాక అమ్మతో అన్నాడు, పిల్లోడు నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అన్నాడు, బస్, ఇంక ఆ మాట ఎవరూ ఎత్తొద్దు అని."

రేవులో గోపి ఎదురొచ్చాడు. నా వెనక ఎవరున్నారో చూడకుండానే, "రాయి పట్టుకొచ్చావా? ఇచ్చాడా ఆ దొంగ?" అన్నాడు. పోర్టర్లు, పెట్టెలు, జనం. ఆ గోలలో కూడా ఆ మాట స్పష్టంగానే వినిపించింది. రూతు తన సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఈవిడ బాబాయి కూతురు. ఆ రాయి బాబాయిది. నాన్నే ఇచ్చాడు," అన్నాను. గోపి ఒకసారి నన్నూ ఒకసారి ఆమెనూ చూసి, ఏం చెయ్యాలో తెలియక ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

రాయి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ తర్వాతి వారం మా కొట్టులో రూతు ఎదుట కోశాను. బీట ఉన్న కొస విడిపోయింది, మిగతాది నిలిచింది. గుండ్రంగా సానపడితే వెలుగు గీత నడిమికి కాకుండా కొంచెం పక్కకు పడింది. అది లోపమే. అయినా కొనేవాళ్లు దొరికారు, డింగీకి ఇంజను వచ్చింది.

ఓడ దిగిన రోజు రేవు నుంచి నేరుగా విజయనగరం బస్సు ఎక్కాం. గోపి మా ముందు సీట్లో కూర్చున్నాడు. భీమిలి దారి చీలే చోట రూతు అది ఏ ఊరని అడిగితే చెప్పాడు, ఆ తర్వాత అడగకుండానే ఒక్కో ఊరి పేరూ చెబుతూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. మా అమ్మ వరండాలో కూర్చుని ఉంది. నేను చెప్పదలచుకున్నది బస్సులో రకరకాలుగా అనుకున్నాను. తీరా ఆమె ముందు, ఈమె బాబాయి కూతురని, రాయి నాన్నే ఇచ్చాడని నాలుగు ముక్కల్లో అయిపోయింది.  అమ్మ గోడ మీద నాన్న ఫొటో వైపు చూడలేదు. రూతును దగ్గరకు పిలిచింది.

"ఇన్నేళ్లు మీ నాన్నని నోరారా తిట్టాను. నా తిట్లు ఏమైనా తగిలాయా అమ్మా ఆయనకి?"

"లేదు పెద్దమ్మా, నాన్న బాగానే ఉన్నాడు," అని రూతు ఆమె పక్కన నేల మీద కూర్చుంది.